శుభలేఖల చాటున పాచిక

తణుకు,
ఆదివారం.

చిరంజీవి సత్యశ్రీకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. హాస్టల్లో నువ్వూ క్షేమమని తలుస్తాను. "మేమంతా" అని రాయబోయి ఆగాను.

నీ ఉత్తరం అందింది. వేళకే తింటున్నాను. బీపీ మాత్రలు మానలేదు. మీ అత్తయ్య రోజూ కూర పంపిస్తోంది. వద్దన్నా వినదు.

ఆట సంగతి అడిగావు. నేర్చుకుంటున్నాను. అమ్మ సగంలో వదిలి వెళ్ళిపోయిన కథని సెలవుల్లో నేను నడపాలన్నావు కదా. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు అందులో మనుషులవుతారు, జరిగేది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతవరకు తెలుసు. మూడు వందల పేజీల ఇంగ్లీషు రూల్స్ పుస్తకం కొరుకుడు పడక, ఫోన్లో ఏఐ చాట్‌బాట్‌ని అడుగుతున్నాను. ఓపికగా చెబుతుంది. ఆటలో దెబ్బ తిని పడిపోయిన మనిషి ఎప్పటిదాకా బతికుంటాడన్న చోట తప్పు చెప్పింది. పుస్తకంలోని వాక్యం చూపిస్తే, పొరపాటు తనదేనని వెంటనే ఒప్పుకుంది.

నిన్న కూర తెచ్చిన మీ రామలక్ష్మి వదినని కూర్చోబెట్టి ఆడించి చూశాను.

"గుహ పొడవు, వెడల్పు, తేమ అన్నీ చెప్పేశారు. దెయ్యం ఎప్పుడొస్తుందండీ మావయ్యా?" అంది.

"తలుపు తీస్తే వస్తుంది."

"ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చక్కెర పరీక్షలు చేసినాయన దగ్గర దెయ్యం కూడా శాంపిల్ ఇచ్చే రావాలేమో!"

చాలా రోజులకు ఇంట్లో నవ్వు వినబడింది.

పాత శుభలేఖలు నిలబెట్టి, వాటి చాటున అమ్మ వేసిన పాచికల్లో నిజంగా ఏం పడేదని అడిగావు. నేను పక్కనే ఉండేవాణ్ణి. కథలో వరదకి నీ పడవ తిరగబడ్డ రోజు మూడు పడింది, అంటే నువ్వు మునిగిపోవాలి. పద్నాలుగు అని చెప్పింది. తర్వాత వంటింట్లో, పడిన అంకె చెప్పాలి కదా అన్నాను.

"ఏంటండీ, పిల్ల మొహం చూశారా? ఇది మీ ల్యాబ్ కాదు" అంది.

అలా దాచవచ్చా అని చాట్‌బాట్‌ని అడిగాను. కొందరు దాస్తారు, కానీ ఆడేవాళ్ళ ఒప్పుదల ముందే తీసుకోవడం మంచిది, తర్వాత తెలిస్తే నమ్మకం పోవచ్చు అని రాసింది. అక్కడితో ఫోన్ పక్కన పెట్టేశాను.

అమ్మది ఆట. నేను చేసింది ఆట కాదు.

డాక్టరు గారు అమ్మ గురించి మనకు నిజం చెప్పలేదని ఈసారి నీ ఉత్తరంలో కూడా రాశావు. ఆయన చెప్పారు. మార్చి పదకొండున రిపోర్టు చేతికిచ్చి, పిల్లని పిలిపించండి అన్నారు. అప్పుడు నీకు పరీక్షలు. రిపోర్టు బాగుంది, అన్నీ రాసుకుని రమ్మని ఫోన్లో నీకు చెప్పింది నేను. పిల్ల ఎప్పుడొస్తుందని అమ్మ రెండుసార్లు అడిగింది. వచ్చేస్తోందని ఆమెకూ అబద్ధమే చెప్పాను. నువ్వు వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు.

ల్యాబ్‌లో ఏనాడూ ఒక్క అంకె మార్చలేదు. ఇక్కడ ఎందుకు మార్చానో నాకు తెలుసు, కానీ అది రాస్తే సమర్థించుకున్నట్టు ఉంటుంది.

రిపోర్టు నకలు ఇందులో పెట్టాను. డాక్టరు గారిని ఇక ఏమీ అనకు.

సెలవులకు వస్తే స్టేషన్‌కి వస్తాను. రాకపోతే, ఎందుకు రాలేదని ఎవరు అడిగినా కారణం నేనే చెబుతాను.

ఇట్లు,
నాన్న