మీకు వేళకి చేయని పరీక్ష

ఏవండీ,

మొన్న మీ సంవత్సరీకానికి మీ అన్నయ్య రాలేదు. పేగు ఆపరేషన్ అయ్యి, మీరు పోయిన ఆ నందిగామ ఆసుపత్రిలోనే ఐసీయూలో ఉన్నారు. మీకులాగే బావగారికీ జ్వరం దిగడం లేదని తెలిసి, జగ్గయ్యపేట నుంచి బస్సెక్కి వెళ్ళాను.

మిమ్మల్ని చూసిన డాక్టరే ఉన్నాడు.

"రక్తం తీసి కల్చర్‌కి పంపామమ్మా. ఏ ఫంగసో, ఏ మందుకి లొంగుద్దో చూసి సరైనది పెడతాం. అందరికీ ఒకటే మందు ఎక్కిస్తా పోతే, అది ఎవరికీ పనిచేయకుండా పోద్ది" అన్నాడు.

ఏ పరీక్షా లేకుండా మీకు ఫంగస్ మందు ఎక్కించింది ఇతనే. జ్వరం తగ్గకపోయినా అదే ఎక్కించాడు. చివరికి పరీక్ష చేయిస్తే, మీ రక్తంలో ఉన్న ఫంగస్‌కి ఆ మందు పనిచేయదని తేలింది. అప్పటికి మీకు స్పృహ లేదు.

"మా ఆయనకి ఈ పరీక్ష ముందే ఎందుకు చేయలేదండీ?" అని అడిగాను.

"అప్పుడు ఇక్కడ ముందే పరీక్ష చేసే పద్ధతి లేదమ్మా. ఆయన పోయాకే పెట్టుకున్నాం" అన్నాడు తల వంచుకుని.

రిపోర్టు వచ్చాక మందు మార్చారు. బావగారికి జ్వరం దిగింది. ఇవాళ నేను పట్టుకెళ్ళిన ఇడ్లీ తింటూ, "ఆ డాక్టరు దేవుడమ్మా" అన్నారు.

ఆయన బతికినందుకు నాకూ సంతోషమే. కానీ ఆ దేవుడు వైద్యం నేర్చుకున్నది మీ ప్రాణం మీదనని ఆయనతో ఎలా చెప్పను?