మెమరీ నిండిన సర్వరు

తుల్సీరాం అన్నా,

ఫోన్ల అయితే ఏడుపొస్తదని, మానుకోట నుంచి ఉత్తరం రాస్తున్న.

మన కంపెనీల ఏ ఫైలు ఎక్కడుందో ఒక్క సర్వరే మెమరీల పెట్టుకునేది. అది నిండి మాటిమాటికి ఆగిపోతుంటే అందరం పరేషాన్ అయినం. ఆ వివరాలను కొన్ని సర్వర్లకు పంచుదామని, ఎక్కువ అడిగేటియే మెమరీల ఉంచి తక్కినయి డిస్కులల్ల పెడదామని క్యాంటీన్ల నీకొక్కనికే చెప్పిన, మన తండ భాషల. "మంచిగుంది చెల్లె, అప్పుడే ఎవలకు చెప్పకు" అన్నవు.

మొన్న మీటింగుల అదే ఉపాయాన్ని నీదని ఇంగ్లీషుల చెప్పినవ్. నేను గూడ అందరితోటి చప్పట్లు కొట్టిన. నాకు కొలువు ఇప్పించినోడివి, నోరెట్ల తెరువాలె?

నిన్న రాజీనామా పంపిన. ఎందుకని పెద్దసారు ఫోన్ జేసిండు. నిన్నే అడగమన్న.

ఉంటా.