ప్లాంటుకు ఇంకా కరెంటు రాలేదు

మెదక్,
శివరాత్రి మరునాడు

వర్షిత వాళ్ళ నాయినకు,

నువ్వూ, మన జీవాలూ బాగున్నారనుకుంటున్నాను. నీతో మంద కాసే బిక్షపతి జీవాలకు మందులు తీసుకుని రేపు మంద దగ్గరికి బయలుదేరుతున్నాడు. అతని చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్‌లో నువ్వు "ప్లాంటు ఎందాక వచ్చింది?" అని అడిగిన ప్రతిసారీ "అయితున్నది" అంటున్నాను. నీ గొంతు వింటే ఇంకో మాట రాదు. అందుకే రాస్తున్నాను.

అయితలేదు.

నువ్వు మేతకు గొర్రెల మందను తోలుకుపోయిననాడు మన సొసైటీ మాంసం ప్లాంటు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. గోడలు లేచాయి, రేకులు పడ్డాయి. మాంసాన్ని చల్లగా ఉంచే మిషన్ వచ్చి, కవరు కూడా విప్పకుండా మూలన పడి ఉంది. కరెంటు లైను అడిగితే ముందు మురికినీళ్ళ అనుమతి తెమ్మంటారు. ఆ అనుమతికి పోతే, ముందు మిషన్లు నడిపి చూపించమంటారు. కరెంటు లేకుండా మిషన్లు ఎట్లా నడుస్తాయని అడిగితే, "రూల్ గట్లనే ఉన్నది మేడమ్" అన్నాడు అక్కడి సారు. కుర్చీ వేయించి మరీ చెప్పాడు. నాకు కోపం కూడా రాలేదు. మొదట్లో అయితే ఎంత కొట్లాడేదాన్నో నీకు తెలుసు. కోపం రాకపోవడం చూసి నాకే భయమేసింది.

సొసైటీ పెట్టిననాడు కుల్చారం, టేక్మాల్, కౌడిపల్లి నుంచి గొర్రెలవాళ్ళందరూ ట్రాక్టర్లలో వచ్చారు. దళారి వచ్చి పొట్టేలు నడుము పట్టి చూసి తోచిన ధర చెప్పడం ఇక ఉండదనీ, మన జీవాల మాంసం మనమే ప్యాక్ చేసి పట్నం పంపుతామనీ, ధర మనమే చెప్తామనీ నేనే మైకులో అన్నాను. ఇప్పుడు మీటింగు పెడితే సగం మంది కూడా రారు. వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటారు.

పోయిన మీటింగులో జరిగింది నీకు చెప్పలేదు. మీ అన్న ఎల్లం బావ తన గొర్రెపిల్లలన్నిటినీ దళారికే అమ్మేశాడు. ఎందుకని అడిగితే, "నీ ప్లాంటు అయ్యేటాల్లకు మా జీవాలు ముసలివైతయ్ దేవికా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నన్ను నొప్పించాలని అనలేదు, ఆయన ఇల్లు కూడా గడవాలి కదా. కానీ 'నీ ప్లాంటు' అన్నాడు. అందరిదీ అనుకుని తిరిగాను. అది నా ఒక్కదానిది ఎప్పుడయిందో తెలియలేదు. ఇంటికి వచ్చి అన్నం కూడా వండుకోలేదు.

పట్నం కంపెనీ ఒకటి ప్లాంటును లీజుకు అడుగుతోంది. అనుమతులన్నీ వాళ్ళే తెచ్చుకుంటారట. వచ్చే మీటింగులో ఇచ్చేద్దామని చెప్పి, అధ్యక్షురాలి పదవికి రాజీనామా చేస్తాను. నేను నిన్ను అనుమతి అడగడం లేదు. ఊరందరికంటే ముందు నీకు తెలియాలని రాస్తున్నాను. బాగా అలసిపోయాను.

నీ
దేవిక

*

మెదక్,
ఉగాది ముందటి ఆదివారం

వర్షిత వాళ్ళ నాయినకు,

ఉత్తరం చదివి నువ్వు చేసిన ఫోను గుర్తుంది. "నీకెట్ల మంచిగనిపిస్తె గట్ల చెయ్యి" అన్నావు. వెనక మంద అరుపులు వినిపించాయి.

మీటింగు ప్లాంటులోనే పెట్టాను, చివరిసారి అందరూ చూస్తారని. ఈసారి నిండుగా వచ్చారు. కంపెనీ తరఫున జయానందం అనే ఆయన వచ్చాడు. మెత్తగా, మర్యాదగా మాట్లాడాడు. మన పిల్లలకు ఉద్యోగాలు ఇస్తామన్నాడు. ఆయన తర్వాత నేను లేచి, ఇచ్చేయడమే మంచిదని చెప్పాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

అప్పుడు కౌడిపల్లి పెంటమ్మ, మొగుడు పోయినా మందను వదలని ఆ ముసలామె, కూర్చున్నచోటి నుంచే అడిగింది, "మా జీవాల ధర ఎవరు చెప్తరు సారూ?"

మార్కెట్ ఎట్లా ఉంటే అట్లా, కంపెనీయే చెప్తుందన్నాడాయన.

ముందుగా ఎవరు లేచారనుకున్నావు? మీ అన్న. "గా ముచ్చట దళారి గూడ చెప్తుండు. గంతదానికి మా ప్లాంటు మీకెందుకియ్యాలె?" అన్నాడు.

'మా ప్లాంటు' అన్నాడు. చేతులెత్తమంటే లీజుకు ఇద్దామని ఎత్తింది నేనూ, ఇంకెవరో ఇద్దరూ. జయానందం అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

సరే, నేను మాత్రం దిగిపోతానన్నాను. నీకు నిజం చెప్తాను. వద్దంటారనుకున్నాను. ఎవరూ అనలేదు. పెంటమ్మ దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "మస్తు తిరిగినవ్ బిడ్డా. ఇగ జర కూసో. మేం తిరుగుతం," అంది. అందరూ కలిసి ఎల్లం బావను అధ్యక్షుణ్ణి చేశారు. నాకు చప్పట్లు కొట్టారు. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. ప్లాంటు నిలిచినందుకా, నన్ను వదిలేసినందుకా, ఏదో చెప్పలేను. రెండూ కావచ్చు. ఇంటికి వచ్చి పడుకుంటే మాత్రం మళ్ళీ పొద్దెక్కాకే మెలకువ వచ్చింది.

బావ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఉతికిన అంగీ వేసుకుని, కరెంటు లైను కోసం ముందు ఏ ఆఫీసుకు పోవాలని అడిగాడు. పద నేనూ వస్తానని చెప్పులు వేసుకోబోయాను. మళ్ళీ ఏమనుకున్నానో ఆగిపోయి, ఏ గదిలో ఎవరిని కలవాలో చెప్పి పంపాను. సాయంత్రం ఎండకు నల్లబడి తిరిగొచ్చాడు. సారు సెలవులో ఉన్నాడట. అరుగు మీద కూలబడి చాయ్ తాగుతూ, "గిట్లనే తిరిగినవా ఇన్నొద్దులు?" అన్నాడు. గిట్లనే బావా అన్నాను. పోయేటప్పుడు, రేపు పొద్దున మళ్ళీ పోతానని చెప్పాడు.

లైను ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ ఏడు రాకపోవచ్చు కూడా. ఇంటి తాళం బావకిచ్చి ఎల్లుండి నీ దగ్గరికి బయలుదేరుతున్నాను. పండుగదాకా మందతోనే ఉంటాను. మళ్ళీ మందులకు వచ్చిన బిక్షపతి చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను, బస్సు ఎక్కడ దిగాలో ఫోన్ చేసి చెప్పు.

నీ
దేవిక