అగ్గి తెగులు మందుకు నీ పేరు

అక్కా,

నువ్వు పోయి ఏడాదయింది. కోవూరులో ఒక పురుగుమందుల కొట్టతను వరికి బూజు వల్ల వచ్చే అగ్గి తెగులుకు కొత్త మందు అమ్ముతున్నాడు. అది నీ పరిశోధనేనని రైతులకు చెబుతున్నాడని తెలిసి వెళ్లాను.

నువ్వు పనిచేసింది రొట్టె బూజు మీద. అందులో డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్లనే ప్రోటీన్ల మీది ఎసిటైల్ అనే రసాయన గుర్తులను ఒక ఎంజైమ్ తీసేస్తుంది. దాన్ని ఆపితే డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులు కొన్నిచోట్ల చెరిగిపోతాయి. బూజు చస్తుందని నువ్వెప్పుడూ అనలేదు.

"ఈ మందు ఆ ఎంజైమ్‌నే ఆపుతుంది సార్. ఇంక తెగులు ఉంటుందా?" అన్నాడు కొట్టతను.

"వరి తెగులు మీద చూసినారా?"

"బూజు ఏదైనా బూజే గదా!"

"మందు కొట్టకుండా వదిలిన మడి ఒకటి చూపించండి, పోల్చి చూస్తాను."

"మడి వదిలేస్తే రైతు నన్ను వదులుతాడా సార్?"

కొట్లో అందరూ నవ్వారు, మందు సీసా పట్టుకుని నిలబడ్డ రమణయ్య తప్ప. అతను కౌలుకు చేసే ఎకరంలో తెగులు మొదలైంది. జేబులోంచి మచ్చలు పడిన వరి ఆకు తీసి చూపించాడు.

"అన్నా, అక్క ఉంటే ఈ మందు కొట్టమనేదా?"

అప్పటిదాకా నీ తరఫున నేనెప్పుడూ మాట్లాడలేదు. "అనేది కాదు," అన్నాను.

అతను సీసా బల్ల మీద పెట్టేసి, "మరి పైరుకేం చేయమనేది?" అన్నాడు.

అది నిన్నడగాల్సిన మాట.