సత్తెమ్మ ఇచ్చిన జాగ

సాతంరాయి,
4-11-1996.

ప్రియమైన కరుణ్ గారికి,

సునీల వందనాలు. దేవుని దయవల్ల నేను, మన పాప జూలీ, మీ తమ్ముడు శామ్ బాగున్నాం. దోహాలో ఎండలు తగ్గాయని రాశారు, చదివి మనసు కుదుటపడింది. ఆ తలనొప్పి ఇంకా వస్తుంటే మాత్రం దాచకుండా రాయండి.

జూలీ జ్వరం సంగతి అడిగారు. పూర్తిగా పోయింది, బడికి పోతోంది. మీ ఫోటో తీసుకుపోయి కొత్త టీచరుకు చూపించి వచ్చిందట. వంకాయ తోట శామ్ చూసుకుంటున్నాడు. ఈసారి కాపు బాగుంది, పొద్దున్నే ఆరాంఘర్ దాకా తీసుకుపోయి అమ్ముకొస్తున్నాడు.

ఇక, "బాపును ఏ పక్క పెట్టారు? వాగు పక్కనేనా?" అని అడిగారు. ఆగస్టులో మామయ్య పోయినప్పుడు "అంతా బాగా జరిగింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. సెలవు దొరకక మీరక్కడ ఒంటరిగా ఏడుస్తుంటే, జరిగింది రాయడానికి చెయ్యి రాలేదు. కోపగించుకోకండి.

మన సమాధుల తోటలో గేటు పక్క మెరక పెద్దల కుటుంబాలకు, వాగు పక్క పల్లం మనలాంటివాళ్ళకు. అట్లాగని ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఎవరూ దాటలేదు. ఆ రోజు ఒకటే ముసురు. పల్లంలో గుంట తవ్వుతుంటే నీళ్ళు ఊరాయి. తోడినకొద్దీ ఊరాయి. మామయ్య పెట్టె గేటు దగ్గర టార్పాలిన్ కింద ఉంది. శామ్ పోయి సంఘ పెద్ద జీవన్ గారిని బతిమాలాడు.

"అన్నా, నీళ్ళల్ల ఎట్ల పెడ్తం? మీ పక్క జర జాగ ఇయ్యుండ్రి."

"ఒక్కరికిస్తే రేపు అందరడుగుతరు తమ్మీ. వాన తగ్గినాక చూద్దాం."

పాస్టరు గారు మాట్లాడతారని ఎదురుచూశాను. ఆయన గొడుగు కింద నేలకేసి చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు జీవన్ గారి తల్లి సత్తెమ్మ, కర్ర పోటేసుకుంటూ ముందుకొచ్చింది. "నా మొగుని పక్కన నాకని జాగ ఉంచిన్రు గదా. గా జాగే తవ్వుండ్రి."

"అమ్మా! మరి నీకు?"

"నేనింక బతికే ఉన్న గదరా. ఆదివారం కుర్చీలు మనకు, చాపలు వాళ్ళకు. ఆఖరికి మంచి మట్టి గూడ మనకేనా? గిదేనా మనం చర్చిల నేర్చుకున్నది?"

ఆమే వంగి పార అందుకుంది. జీవన్ గారు తల్లి చేతిలోంచి పార తీసుకుని శామ్ చేతికిచ్చారు.

మీ బాపు మెరక మీదే ఉన్నారండీ.

ఇంకొకటి కూడా మీకు చెప్పలేదు. ఆ తర్వాత నేను చర్చికి పోవడం మానేశాను. పాస్టరు గారి ముఖం చూడబుద్ధి కాలేదు. ఒక సాయంత్రం సత్తెమ్మ మనింటికొచ్చి గుమ్మంలో కూర్చుంది. "నువ్వు రాకుంటే నాకు పాట నంబరు ఎవరు తీసిస్తరు బిడ్డా? నా కండ్లకు అక్షరాలు ఆనుతలేవు" అంది. అంత పెద్దింటి మనిషి నన్ను అడగడానికి నడిచి వచ్చింది. కాదనలేకపోయాను.

ఆ ఆదివారం పాస్టరు గారు పక్షపాతం గురించే వాక్యం చెప్పారు. ఖరీదైన బట్టలవాణ్ణి ముందుకు పిలిచి, మాసిన బట్టలవాణ్ణి నేలమీద కూర్చోమనే సంఘంలో దేవుడికి చోటుండదన్నారు. చెబుతూ చెబుతూ ఆగి, మామయ్య పేరెత్తి, "ఆ రోజు గేటు దగ్గర భయపడి నోరు తెరవనివాణ్ణి నేనే. శాంతయ్య గారి కుటుంబం నన్ను క్షమించాలి" అన్నారు. నా కోపం అక్కడే కరిగిపోయింది. ఇప్పుడు కుర్చీలు ముసలివాళ్ళకు, ఒంట్లో బాగాలేనివాళ్ళకు మాత్రమే. సమాధుల తోటలో కూడా ఎవరు పోతే వాళ్ళకు వరుసగా తర్వాతి చోటే. దేవుడు మనకు ఎంత మేలు చేశాడో చూడండి.

మొన్న సమాధుల పండుగకు అందరం పోయాం. జీవన్ గారు వాళ్ళ నాన్న సమాధికి సున్నం వేస్తున్నారు. అది అయిపోగానే లేవకుండా పక్కకు జరిగి, మామయ్య సమాధి చుట్టూ పేర్చిన రాళ్ళకు కూడా వేయసాగారు. శామ్ పరుగున పోయి కుంచె అడిగాడు.

"ఉండనీ తమ్మీ," అన్నారాయన తల ఎత్తకుండా. "నువ్వు జర నీళ్ళు పట్టుకరా. సున్నం గట్టిపడ్డది."

ఇట్లు,
నిండిన మనసుతో,
మీ ఇల్లాలు
సునీల