ఖాళీ డబ్బాలో పోయిన సరుకు

శ్రీరామ
హనుమకొండ

పవనగామి పార్సిల్ ఆఫీసు పెద్దలకు పద్మలత నమస్కరించి రాయునది.

మీ ఫోనులో ఒకటి నొక్కమంటే నొక్కాను, రెండు నొక్కమంటే నొక్కాను. పాట వచ్చింది కానీ మనిషి రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

పాతవస్తువులు అమ్మేవాళ్ళ దగ్గర ఆన్‌లైన్‌లో ఒక రేకు డబ్బా కొన్నాను. మూతమీద వెన్న తింటున్న బాలకృష్ణుడి బొమ్మ ఉంటుంది. వరంగల్ చౌరస్తాలో మా బాపు కిరాణా కొట్టు నడిపినన్నాళ్ళూ అచ్చం అలాంటి డబ్బాయే గల్లా పక్కన ఉండేది. సామానుకు వచ్చిన పిల్లలకు అందులోంచి కొసరు పెట్టేవారు. కొట్టు తీసేసినప్పుడు అది ఎటు పోయిందో. ఇప్పుడు బాపు మా అరుగుమీద కూర్చుంటారు. బడిపిల్లలు కనబడగానే పక్కకు చెయ్యి చాపి తడుముతారు. ఏమీ దొరకక చెయ్యి వెనక్కి తీసుకుంటారు. చూడలేక కొన్నాను. పార్సిల్ మీ ఆఫీసుదాకా వచ్చిందని ఫోను చెబుతోంది. ఇంటికి మాత్రం రాలేదు.

మీ దయకోసం ఎదురుచూస్తూ,
పద్మలత

తా.క.: డబ్బాను తలకిందులుగా పెట్టకండి. పైన దేవుడున్నాడు.

*

పద్మలత గారికి, ఫిర్యాదులు చూసే సారంగపాణి నమస్కారాలు.

మీ పార్సిల్ దొరికింది. అయితే అట్ట చిరిగి ఉండడంతో విప్పి చూశాం. డబ్బా ఉంది, లోపల సరుకు లేదు. ఎవరో తినేశారు. వెంటనే విచారణ మొదలుపెట్టాను. డ్రైవర్ మహిపాల్‌ను నిలదీస్తే, "నేను తిన్నది మా అమ్మ కట్టిచ్చిన సకినాలు సార్. మా ఊరు ధర్మసాగర్ పోయి అడుగున్రి" అన్నాడు. అడగకుండానే సకినాల సంగతి ఎందుకు ఎత్తాడో ఆలోచిస్తున్నాను.

పోయిన సరుకు ఏమిటో రాయండి. అంతవరకు ఖాళీ డబ్బా సాక్ష్యం కింద మా బీరువాలో ఉంటుంది.

తమ సేవలో,
సారంగపాణి

తా.క.: బీరువాలోకి చీమలు వస్తున్నాయి. మిఠాయేనా?

*

శ్రీరామ

సారంగపాణి గారికి పద్మలత నమస్కారాలు.

నేను కొన్నదే ఖాళీ డబ్బా అండీ. లోపల ఏమీ ఉండకూడదు, ఏమీ లేదు. అంతా సక్రమంగానే ఉంది. పాపం, మహిపాల్‌ను ఏమీ అనకండి. అతని పేరున భద్రకాళి గుడిలో అర్చన కూడా చేయించాను.

బాపు ఇవాళ చెయ్యి చాపడం కూడా మానేశారు. పిల్లలు వస్తుంటే మొహం అటు తిప్పుకున్నారు. కాస్త త్వరగా పంపించండి.

మీ మేలు కోరే,
పద్మలత

తా.క.: మహిపాల్ గోత్రం తెలియక మా గోత్రమే చెప్పాను.

*

అమ్మా, నమస్కారం.

ఖాళీ డబ్బాను డబ్బులిచ్చి కొన్నారంటే మా ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు. మేనేజర్ ఓంప్రకాశ్ గారు మీ ఉత్తరం చదివి, "ఆమెది మెత్తటి మనసయ్యా. పిలగాని నౌకరి పోతదని అబద్ధమాడుతాంది. అసలు దొంగను పట్టాల్సిందే" అన్నారు. అర్చన సంగతితో అనుమానం ఇంకా బలపడింది. తప్పు చేయనివాడికి అర్చన ఎందుకమ్మా?

విచారణ ఎనుమాముల గోదాము దాకా వెళ్ళింది. అక్కడి హమాలీలతో నోరు తెరిపించి పళ్ళు చూశాను.

న్యాయం జరుగుతుందన్న నమ్మకంతో,
సారంగపాణి

తా.క.: మహిపాల్‌ది మీ గోత్రం కాదట. సరిచేయించమంటున్నాడు.

*

శ్రీరామ

అయ్యా, శనివారాలు ఒక్కపొద్దు ఉండేదాన్ని, అబద్ధమాడను.

సరుకు ఏమిటని అడిగారు కదా. బాపు డబ్బాలో పుట్నాలు, బెల్లం ముక్కలు ఉండేవి. కూతురినని నాకు ఊరికే పెట్టేవారు కాదు. సామానుకు వస్తేనే కొసరు. అందుకని రోజూ ఉప్పు పొట్లానికి వెళ్ళేదాన్ని. ఇంట్లో అంత ఉప్పు ఎలా చేరుతోందో అమ్మకు అర్థమయ్యేది కాదు. "పట్టు బిడ్డా" అని బాపు నా చేతిలో పోస్తుంటే, నేనూ అందరి పిల్లల్లాగే చేతులు చాపేదాన్ని.

ఆ సరుకు మీరూ తేలేరు, నేనూ తేలేను. డబ్బా ఒక్కటి ఇప్పించండి.

వేడుకుంటూ,
పద్మలత

తా.క.: మహిపాల్ గోత్రం రాసి పంపండి. రేపు గుడికి వెళ్తున్నాను.

*

అమ్మా, నమస్కారం.

మీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ శోభారాణి, "ఒకరింటికి ఖాళీ డబ్బా ఎట్ల పంపుతరు? జర బుద్ధుండాలె" అని కోప్పడింది. సాక్ష్యాన్ని బీరువాలోంచి తెప్పించి, నిండా పుట్నాలు, బెల్లం పోసింది.

ఇవాళ నేనే మీ ఇంటికి తెచ్చాను. మీరు గుడికి వెళ్ళారట. డబ్బాను పెద్దాయన పక్కన పెట్టి, సంతకానికి కాగితం చాపాను. ఆయన కాగితం చూడలేదు. చెయ్యి దానంతటదే పక్కకు వెళ్ళి మూత తీసింది.

"సంతకం కావాలండీ" అన్నాను.

"అది తర్వాత. ముందుగాల చెయ్యి పట్టు బిడ్డా" అన్నారు.

నాకు మనవరాలుంది. అయినా రెండు చేతులూ పట్టి, అక్కడే నిలబడి తిన్నాను. "మీ ఇంటికాడ పిల్లలున్నరా?" అని ఇంకో పిడికెడు జేబులో పోశారు. అప్పటికే బడి వదిలారు. పిల్లలు మీ అరుగు దగ్గర వరుస కట్టారు. నేను పక్కకు జరిగాను.

విచారణ ముగిసింది. మీ డబ్బాలో సరుకు తిన్న మనిషి దొరికాడు. పేరు సారంగపాణి. ఆఫీసులో అలాగే రాసిచ్చాను.

నేరం ఒప్పుకుంటూ,
సారంగపాణి

తా.క.: మేనేజర్ గారు నమ్మలేదు. స్వయంగా విచారించడానికి రేపు మీ ఇంటికి వస్తున్నారు. మహిపాల్, హమాలీలు కూడా వస్తామంటున్నారు. డబ్బా నింపి ఉంచండి.