లివర్‌పూల్ చప్పట్లు

పర్చూరు దగ్గర మన ఊరు,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

లివర్‌పూల్ మహానగరమందు రోగుల నడుమ వెలుగొందుచున్న అక్క జెస్సీ గారికి, పర్చూరు మండలమందు దోమల నడుమ పరుండియున్న తమ్ముడు ప్రభు వందనాలు చేసి వ్రాయునది.

ఇక్కడ నేను, అమ్మ, నాన్న క్షేమం. ఈ వాక్యంలో ఎప్పుడూ ఇంకో పేరు కూడా రాసేవాణ్ణి. అలవాటుగా కామా పెట్టేసి, ఆ తర్వాత ఏం రాయాలో తెలీక కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. సరే, కామా కొట్టేసి చుక్క పెట్టాను. అక్కడ నువ్వు, నీ చలి, నీ నైట్ డ్యూటీలు క్షేమమని తలుస్తాను.

చేతిలో ఫోనుండగా ఇంకా ఈ కాగితాలేమిటని మిల్లులో నా తోటివాళ్ళు నవ్వుతున్నారు. నాయనమ్మ చేసిన చట్టం వాళ్ళకేం తెలుసు. పరాయిదేశంలో హాస్టల్లో ఉండే నర్సుకి కబురు కాగితం మీదే వెళ్ళాలని ఆవిడ శాసనం. ఫోన్లో మాట ఫోన్ పెట్టేయగానే అయిపోతుందట. కాగితమైతే దిండు కింద పెట్టుకోవచ్చట, డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పకుండానే మళ్ళీ చదువుకోవచ్చట. అక్కడే నర్సు చదువు చదివిన రోజుల్లో వాళ్ళ నాన్న రాసిన ఉత్తరాలు ఆవిడ అట్లాగే చదువుకుంది కాబోలు. చట్టం చేసినావిడ పోయినా చట్టం పోదు. ఇది నేను సివిక్స్‌లో చదివాను.

నీ ఉత్తరంలో ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. తేలికవి ముందు, కష్టమైనది చివర. బీటెక్ ఈ పద్ధతిలోనే గట్టెక్కాను, ఇప్పుడు మాత్రం ఎందుకు మార్చాలి.

నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. అంటే, అమ్మ మజ్జిగ గ్లాసుతోపాటు మాత్ర చేతిలో పెట్టి, మింగి నాలుక చూపించేదాకా కదలదు. ముప్పై ఏళ్ళుగా హైస్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పి చెవులు మెలిపెట్టిన మాస్టారు, మన చర్చి సెక్రటరీ గారు, రోజూ పొద్దున్నే వంటింటి గుమ్మంలో నాలుక బయటపెట్టి నిలబడుతున్నాడు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కాకపోతే మాట తగ్గింది. నాయనమ్మ మంచం వరండాలోంచి ఇంకా తియ్యనివ్వలేదు. దాని మీద ఎవరూ కూర్చోరు. ఆయనా కూర్చోడు.

ఇక ఓవర్‌కోటు. నాయనమ్మ లివర్‌పూల్ నుంచి తెచ్చుకున్న నల్ల ఉన్ని కోటు నీకిస్తానందని గుర్తుచేశావు. ఇంత బరువైన కోటు మన గుంటూరు ఎండలో దిష్టిబొమ్మకి తొడిగినా పారిపోతుంది, అయినా ఆవిడ ఏటేటా దాన్ని ఎండలో వేసి, దులిపి, కలరా ఉండలు వేసి మళ్ళీ పెట్టెలో పెట్టేది. అక్కా, ఆ కోటు లేదు. నాన్న దాన్ని తీసుకొచ్చి, శవపేటికలో ఆమె కాళ్ళ మీద కప్పాడు. మిరపకాయలు పెటపెటలాడే ఎండ, అందరూ కండువాలతో విసురుకుంటుంటే, "కాళ్ళు చల్లబడతాయి, ఆమెకు పడదు" అన్నాడు. దుఃఖంలో మతి తప్పిందనుకున్నాం. అందుకని నువ్వు అక్కడే ఒక కోటు కొనుక్కో, నాయనమ్మ ఇచ్చిందనుకో.

నీ మూడో ప్రశ్న, నాయనమ్మ చెప్పిన ఆ కుర్రాళ్ళ బ్యాండు కోసం ఇంకా వెతకాలా అని. ఆ వీధిలో గోదాములు తీసేసి కార్లు పెట్టుకునే చోటు చేశారన్నావు. నీ వార్డులో ముసలాయన, "అప్పట్లో వీధికో బ్యాండమ్మా, ఎంతమందినని గుర్తుపెట్టుకోను" అని కళ్ళు తుడుచుకున్నాడన్నావు. వెతకొద్దక్కా. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే వాడరేవు దాకా వెళ్ళి రావాలి.

నువ్వు విమానం ఎక్కే ముందురోజు, నన్ను సముద్రం దగ్గరకు తీసుకెళ్ళండర్రా అని నాయనమ్మ మంకుపట్టు పట్టింది కదా. చేపలు ఎండబెట్టిన వలల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పడవ ఇంజను డుగ్గు డుగ్గుమని మొదలవగానే ఆవిడ చేతులు ఒళ్ళోంచి లేచాయి. ఇంజను రెండు దెబ్బలు కొడితే ఆవిడ రెండోదానికి చప్పట్లు కొట్టింది. నేను మొదటిదానికి కొట్టాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మొదటి దెబ్బకి కొడితే పర్చూరు, రెండో దెబ్బకి కొడితే లివర్‌పూల్. వినరా, వెధవా."

అప్పుడు చెప్పింది మొత్తం. మిషను ఆసుపత్రి వాళ్ళు పంపితే పందొమ్మిదేళ్ళప్పుడు నర్సు చదువుకి వెళ్ళడం, అక్కడ నల్లటి గోడలు, ఓడల కూతలు, పగలే దీపాలు. బ్రిజిడ్ అనే ఐరిష్ అమ్మాయి ఒక శనివారం చెయ్యి పట్టి లాక్కెళ్ళి గోదాము కింద నేలమాళిగలోకి దించడం. మెట్లు దిగగానే ఏడుపొచ్చిందట, పాటకి కాదు, వాసనకి. పైన అమెరికా నుంచీ ఈజిప్టు నుంచీ వచ్చిన పత్తి బేళ్ళు. అచ్చం చిలకలూరిపేట జిన్నింగు మిల్లు వాసన. ఇంత దూరమొచ్చి మా నాన్న చొక్కా వాసన చూశానే అంది. కింద జనం చెమటకి గోడలు కారుతున్నాయట. నలుగురు కుర్రాళ్ళు, పగలు రేవులో కూలి, రాత్రి గిటార్లు. వారానికో పేరు మార్చుకునేవాళ్ళు, రికార్డు ఇచ్చింది లేదు. ప్రపంచాన్ని ఊపేసిన ఆ ఊరి కుర్రాళ్ళను చూశావా అని మనందరం అడిగేవాళ్ళం కదా. వాళ్ళొచ్చిన రోజున తనకు నైట్ డ్యూటీ అట. చరిత్ర ఒక పక్క నడుస్తుంటే మన నాయనమ్మ ఇంకో పక్క బెడ్‌పాన్లు కడుగుతోంది. అదీ మన వంశం అదృష్టం.

ఆ నలుగురి పాట ఒకటి ఆవిడ మనసులో ఉండిపోయింది. తిరిగొచ్చి జయరావు తాతను పెళ్ళి చేసుకున్నాక మొదట పుట్టిన ఆడపిల్ల వారం తిరక్కుండా పోయింది. సమాధి దగ్గర ఎవరో పాట అందుకోమంటే నేర్చుకున్న కీర్తనలేవీ నోటికి రాలేదట. ఆ నేలమాళిగ పాట వచ్చింది. కానీ ఆ హుషారైన నడకలో కాదు, మెల్లగా, ఒక్కో అడుగూ ఈడుస్తూ, తన మాటలు కట్టుకుని పాడింది. నిద్రపో చిట్టితల్లీ, తెల్లవారగానే ప్రభువే లేపుతాడు అని. వెనక నిలబడిన ఆడవాళ్ళు ఇదేదో కొత్త కీర్తననుకుని నేర్చేసుకున్నారు. అప్పుడు పడుచుపిల్ల మన అంకమ్మవ్వ, అందరికన్నా ముందు ఆమే పట్టింది. ఇక అప్పట్నుంచి మన ఊళ్ళో ఎవరు పోయినా ఆ పాటే. దొరలు నేర్పిన ప్రాచీన రాగమని మన చర్చి అయ్యగారు ప్రసంగంలో కూడా చెప్పారు. లివర్‌పూల్ డాన్సు పాటతో మనం ఊళ్ళో సగంమందిని సాగనంపాం, ఒక్కరికీ తెలీదు.

అందుకే వెతకొద్దంటున్నాను. ఆ పాట అక్కడ లేదు. ఇక్కడుంది, శ్మశానంలో.

ఆ రోజు మాట తీసుకుంది గుర్తుందిగా. నేను ఒక్క అక్షరం కూడా మర్చిపోలేదు.

"నన్ను మాత్రం అట్లా ఈడ్చుకుంటూ పంపొద్దర్రా. దాని అసలు నడకలో పంపండి. ముసలిదాన్నై పోవడం నాకిష్టం లేదు, పందొమ్మిదేళ్ళ పిల్లనై పోతా."

నువ్వేమో ఆ చోటు వెతకాలి, నేనేమో చర్చి కీబోర్డు మీద అసలు నడక వాయించాలి. ఒప్పందం. లేస్తూ లేస్తూ ఇంకో మాట అంది. మీ నాన్నతో మాత్రం అనకండి, పెద్దమనిషైపోయాడు, వాడికి గుర్తుండదు అని. ఏం గుర్తుండదో మనం అడగలేదు. ఐస్‌క్రీం బండి వచ్చింది.

ఇక కష్టమైన ప్రశ్న. పెట్టె దించే ముందు నీ ఫోన్లో బొమ్మ ఆగిపోయింది. ఆ తర్వాత వాయించావా, అసలు నడకలోనే వాయించావా అని అప్పట్నుంచీ అడుగుతున్నావు. సిగ్నల్ లేదన్నాను, అంతా బాగా జరిగిందన్నాను, కిందటి వారం ఏకంగా మిరప ధరలు చెప్పాను. ఫోన్లో అయితే గొంతును బట్టి పట్టేస్తావని భయం.

వాయించలేదక్కా.

సాధన చేశాను, ఆ మాట నమ్ము. మిల్లులో భోజనాల వేళ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బల్ల మీద వేళ్ళతో వాయించేవాణ్ణి. డ్రమ్ము దెబ్బ ఎంచి, టెంపో పెట్టి, కీబోర్డులో భద్రం చేశాను. స్టార్ట్ బటన్ నొక్కడమే మిగిలింది. సమాధుల తోట పక్కనే కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. ఒకటే తుమ్ములు, దగ్గులు, కళ్ళనిండా నీళ్ళు. ఎవరు నిజంగా ఏడుస్తున్నారో, ఎవరికి ఘాటెక్కిందో దేవుడికే తెలియాలి. నాన్న కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. ఘాటు అన్నాడు.

అయ్యగారు ప్రార్థన ముగించి నా వంక తల ఊపారు. నా వేలు బటన్ మీదుంది. ఎదురుగా, గుంటకి అవతల ఒడ్డున నాన్న. సూటిగా నా వంకే చూస్తున్నాడు. కిందటి క్రిస్మస్‌కి నేను సినిమా దరువు వేశానని సంఘం అందరి ముందూ నిలబెట్టి, ఇది దేవుడి మందిరంరా, రికార్డింగ్ డాన్సు కాదు అన్న మనిషి. అదే చూపు అనుకున్నాను. ఇవాళ వాళ్ళమ్మ పోయిన రోజు. ఈ మనిషిని ఇంతమందిలో నేను ఎట్లా నవ్వులపాలు చెయ్యను? అనుకుంటూ ఉండగానే అంకమ్మవ్వ పాట అందుకుంది. మెల్లగా, ఒక్కో అడుగూ ఈడుస్తూ. ఊరంతా ఆమె వెనక వెళ్ళిపోయింది. నేను వేలు తీసేసి వాళ్ళ వెనక వాయించాను. చాలా బాగా పాడారక్కా. అంత బాగా ఎప్పుడూ పాడలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఇంకో సంగతుంది.

కీబోర్డు ఆటోలో పంపించి నేనూ నాన్నా బండి మీద బయల్దేరాం. కాలవకట్ట దిగాం. తర్వాత వెనకనుంచి, చెవి దగ్గరగా,

"ఆ పాట అట్లా కాదురా పాడేది" అన్నాడు.

నేను బండి ఆపలేదు. ఆపితే మాట ఆగిపోతుందని. మరెట్లా నాన్నా అన్నాను.

"నీకు తెలుసుగా. వేలు బటన్ మీద పెట్టావుగా. నొక్కుతావని నీ వంకే చూశా."

"నువ్వు తిడతావనుకున్నా."

"నేను మొదలెట్టలేనురా. అయ్యగారున్నారు, పెద్దలున్నారు, సెక్రటరీని. నువ్వు అందుకుంటే నీ వెనక చప్పట్లు కొడదామనుకున్నా."

చిన్నప్పుడు నాయనమ్మ తలుపేసి, ఆయన్ని కాళ్ళ మీద ఎక్కించుకుని ఊపుతూ ఆ పాట పాడేదట. గబగబా, నవ్వుతూ. పోయిన పిల్లకి ఒక నడక, ఉన్న పిల్లాడికి ఇంకో నడక. బయట పాడకురా అందట, ఆయన అరవయ్యేళ్ళు దగ్గరపడేదాకా బయట పాడలేదు. ఊళ్ళో చావులన్నిటికీ వెళ్ళి, ఆ పాటే ఈడుస్తూ పాడుతుంటే పెదాలు మాత్రం కదిపి వచ్చేవాడట. ఈ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, తెలుసులే అనుకున్నాడు.

పత్తి చేల దగ్గరకొచ్చేసరికి ఒకే ఒక్క మాట అన్నాడు.

"మర్చిపోయాననుకుందేమోరా."

అక్కా, అనుకుంది. వాడికి గుర్తుండదు అని మనిద్దరి ఎదుటే అంది. ఆ మాట ఆయనకి నేను చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు. ఈ ఉత్తరం ఎందుకు రాశానంటే ఇందుకే. నేను బటన్ నొక్కలేదన్నది ఎట్లాగో మొయ్యగలను. ఈ మాట ఒక్కణ్ణే మొయ్యలేకపోతున్నాను.

ఆ తర్వాత నా భుజం మీద ఆయన వేళ్ళు కదిలాయి. గతుకుల వల్లనుకున్నాను. కాదు. ఒక దెబ్బ వదిలేసి ఒక దెబ్బ. రెండో దానికి, నాలుగో దానికి. ఇంటిదాకా. నేను వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే ఆపేస్తాడు. బండి మాత్రం కొంచెం నెమ్మదిగా నడిపాను.

నువ్వు ఈసారి సెలవు రోజున ఆ కార్లు పెట్టే చోటికి వెళ్ళు. వెతకడానికి కాదు. ఊరికే నిలబడి, జేబుల్లోంచి చేతులు తీసి, చలేసినా సరే, చప్పట్లు కొట్టు. ఏ దెబ్బకి కొట్టాలో నీకు తెలుసు. ఎవరైనా ఆగి చూస్తే, మా నాయనమ్మ పోయిందని చెప్పు.

ఇట్లు,
బటన్ మీద వేలు పెట్టి తీసేసిన
నీ తమ్ముడు,
ప్రభు